రూతు విసిరిన బంతి

ఆ రోజుల్లో రూతు వాలీబాల్ ఆడుతోందంటే ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. రైల్వే క్వార్టర్ల సందుల్లోంచి సైకిళ్లన్నీ గ్రౌండు వైపే పోయేవి. ముందువరస బల్లల మీద చోటు దొరకాలంటే ఆటకు గంట ముందే వెళ్లి కూర్చోవాలి.

1989 జనవరి నాటికి రూతుకు ఇరవై నాలుగేళ్లు. తండ్రి లేడు. తల్లి సుజాతమ్మ ఆసుపత్రిలో ఆయా. రూతు పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి నాలుగేళ్లయింది. పొడగరి, ఎడమచేతి వాటం. ఉమ అనే పిల్ల నెట్ దగ్గర బంతి ఎత్తి ఇస్తే, రూతు రెండడుగులు వేసి ఎగిరి కొట్టేది. అవతలివాళ్లు చేతులు పైకెత్తేలోపే బంతి వాళ్ల వెనక నేలకు తగిలి కంచె దాకా పోయేది. ఆమె ఆట గురించి ఊళ్లో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. ఆమె కోపం గురించే గొడవంతా.

కిందటేడు రిఫరీ ఎక్కి నిలబడే స్టాండును కాలితో తన్నింది. ఓడిపోయిన రోజు అవతలి జట్టుకు చెయ్యి కలపకుండా వెళ్లిపోయింది. సొంత జట్టులో ఉమనైతే వారానికి ఒకసారైనా ఏడిపించేది. ఇవన్నీ మొదటి వరస బల్ల మీద ముగ్గురు మనుషులు రోజూ తిరగేసేవారు. ఒకరు నాగభూషణం, ముప్పై నాలుగేళ్లు గూడ్సు బళ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. రెండోవారు పక్క సందులో ఉండే కోటేశ్వరి టీచరు. మూడోవాడు వర్క్‌షాప్‌లో ఫిట్టరు చలపతి.

"నిన్న ప్రాక్టీసులో మళ్లీ ఉమని తిట్టిందట," అంది కోటేశ్వరి ఒక సాయంత్రం, పొట్లంలోని మూరీ మరమరాలు ముగ్గురికీ పంచుతూ. "ఆ పిల్ల ఇంటికెళ్లి అన్నం కూడా తినలేదట."

"బంతి సరిగ్గా ఎత్తితే ఎందుకు తిడతాది టీచరుగారూ," అన్నాడు చలపతి. "మనకి కప్పు కావాల. మర్యాదలు సూడ్డానికైతే పెళ్లికెళ్లొచ్చు, ఇక్కడికెందుకు."

నాగభూషణం గొంతు సవరించుకున్నాడు. రూతు మాట వస్తే ఆయన గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైకి లేచేది. "ఇంజిన్‌లో నిప్పుండాల టీచరమ్మా. నిప్పు లేని ఇంజిను సెడ్డులో నిలబడి ఉంటాది. దాని వల్ల ఎవడికీ బాధ లేదు, ఉపయోగవూ లేదు."

"నిప్పు ఉండాల్సింది ఫైర్‌బాక్సులో అన్నయ్యా. డ్రైవరు నిలబడే చోట కాదు."

చలపతి నవ్వాడు. నాగభూషణం కూడా నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. "అదే పని మగోడు సేస్తే రోషం అంటారు. ఆడపిల్ల సేసేసరికి పొగరు."

"నేను మగపిల్లల్నీ బెంచీ ఎక్కిస్తాను. వెళ్లి మా క్లాసులో అడగండి," అంది కోటేశ్వరి.

ఇలా ఏ రోజు వాదన ఆ రోజు తెగకుండానే మిగిలేది. ఊరు మొత్తానికి రూతు తరఫు వకీలెవరంటే మాత్రం నాగభూషణం పేరే చెప్పేవారు. ఆ పేరు ఆయనకు ఇష్టంగానే ఉండేది.

ఆ ఏడు, సంక్రాంతి రోజుల్లో జరిగే పౌష్ కప్పు సెమీ ఫైనల్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ జట్టుకు తాల్‌బగీచా జట్టు ఎదురుపడింది. ఆదివారం మధ్యాహ్నం. మిడ్నాపూర్ నుంచి రావలసిన లైన్ అంపైర్లలో ఒకాయన రాలేదు. కమిటీ సెక్రటరీ రాధాకృష్ణమూర్తి గ్రౌండంతా కలయజూసి నేరుగా మొదటి వరస బల్ల దగ్గరికి వచ్చాడు.

"గార్డుగారూ, మీరొక మూల నిలబడాల. బంతి గీత మీద పడినా లోపల పడినా జెండా కిందకి, బయట పడితే పైకి. అంతకన్నా ఏటీ లేదు. జెండా పట్టడం మీకేటి కొత్తా."

నాగభూషణం లేచేలోపే తాల్‌బగీచా కెప్టెన్ అడ్డం వచ్చింది. "ఉని తో రూతేర్ లోక్," అంది బెంగాలీలో. ఆయన రూతు మనిషే కదా అని.

ఆ మాట నలుగురిలో అనేసరికి నాగభూషణం ముఖం ఎర్రబడింది. రాధాకృష్ణమూర్తి ఆ అమ్మాయికి సర్దిచెప్పాడు. ఈయన సర్వీసులో ఒక్క తప్పు జెండా చూపించలేదనీ, ఈయన మాటకు తాను పూచీ అనీ చెప్పాడు. ఆమె భుజాలెగరేసి వెళ్లిపోయింది. నాగభూషణం జెండా పుచ్చుకుని తాల్‌బగీచా వైపు ఎడమ మూల, సున్నం గీతలు రెండూ కలిసే చోట నిలబడ్డాడు.

నాలుగు సెట్లు చెరి సగం అయ్యాయి. ఐదో సెట్టు చివర్లో ఒక్క పాయింటు వస్తే ఓల్డ్ సెటిల్‌మెంట్ ఫైనల్‌కు వెళుతుంది. ఉమ బంతి ఎత్తింది. రూతు ఎగిరింది. కొట్టిన బంతి ఐమూలగా వచ్చి నాగభూషణం కాళ్లకు మూరెడు దూరంలో పడింది.

ఆయన చూశాడు. బంతి గీత చివరి అంచు మీద పడింది. తెల్లటి సున్నం వేలెడెత్తు లేచింది. అదే క్షణంలో 'ఉని తో రూతేర్ లోక్' అన్న మాట కూడా చెవిలో పడ్డట్టయింది. చెయ్యి పైకి లేచింది. జెండా పైకి లేచింది.

రిఫరీ ఈల వేసి బంతి బయట అన్నాడు. గ్రౌండు మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది. రూతు నెట్ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చింది. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. కంచె దగ్గర ఆగిన బంతిని తీసుకుని ఆయన ముందుకు వచ్చింది.

"సున్నం లేచింది. నువ్వు సూసినావు," అంది.

నాగభూషణం జెండా దించలేదు.

"నీ కళ్లు ఎవరికి అమ్ముకున్నావు బాబాయ్," అని, ఎడమ చేత్తో బంతిని బలంగా విసిరింది. రెండు గజాల దూరం కూడా లేదు. బంతి ఆయన ముఖానికి తగిలి గుండెల మీద పడి కింద దొర్లింది. కళ్లజోడు రెండు ముక్కలైంది. కనుబొమ్మ చిట్లి నెత్తురు వచ్చింది.

రిఫరీ ఎర్ర కార్డు తీశాడు. రూతు తువ్వాలు భుజాన వేసుకుని ఎవరి వంకా చూడకుండా గ్రౌండు దాటి వెళ్లిపోయింది. ఆమె లేకుండానే ఉమ మిగతావాళ్లను కూడగట్టుకుని ఆ సెట్టు ఎలాగో గెలిపించింది. ఆ గెలుపు ఎవరికీ రుచించలేదు.

నాగభూషణాన్ని బల్ల మీద కూర్చోబెట్టి కోటేశ్వరి తడిగుడ్డతో నెత్తురు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆయన గోధుమరంగు స్వెట్టర్ దగ్గర ఆగింది. గుండెల మీద బంతి తగిలిన చోట తెల్లగా అరచేతంత మరక. ఆమె వేలితో రాసి చూసుకుంది. ఆయన ముఖంలోకి చూసింది. గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచింది.

మర్నాడు పొద్దున్నే రాధాకృష్ణమూర్తి మనిషిని పంపాడు. బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంటుంది, జరిగింది కాగితం మీద రాసి ఇవ్వాలని కబురు. కబురు వచ్చిన పావుగంటకే చలపతి డ్యూటీకి పోతూ నాగభూషణం అరుగు మీద కూర్చున్నాడు. కోటేశ్వరి అప్పటికే అక్కడుంది.

"సేతిలోంచి జారిందని రాసేయండి," అన్నాడు చలపతి. "కోపంలో ఉన్నాది, బంతి జారింది. అంతే. ఫైనల్‌కి కలకత్తా నుంచి పెద్ద జట్టుకి మనుషుల్ని ఏరే సెలెక్టరు వస్తన్నాడు. రూతు ఆడకపోతే మన కప్పూ పోతాది, ఆ పిల్ల బతుకూ పోతాది."

"జారలేదు. అందరం చూసినాం," అంది కోటేశ్వరి.

"అందరూ సూసినారు గానీ దెబ్బ తిన్నోడు ఏటి రాస్తే అదే కమిటీ నమ్ముతాది. ఇన్నాళ్లూ ఆ పిల్ల కోపాన్ని ఎనకేసుకొచ్చినారు కదా గార్డుగారూ. మీ దాకా వచ్చేసరికి మాట మారుస్తారా?"

నాగభూషణం పాత కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు. కట్టు కింద కనుబొమ్మ ఉబ్బింది. కళ్లజోడు సర్దుకుని అన్నాడు.

"మారుస్తాను. కానీ నువ్వనుకున్నట్టు కాదు. ఆ బంతి గీత మీదే పడింది చలపతీ. నాను సూసినాను."

చలపతి అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆ కెప్టెను నన్ను రూతు మనిషి అన్నాది. నాను ఎవరి మనిషినీ కానని సూపించుకోడానికి జెండా లేపినాను. సర్వీసంతా ఎప్పుడూ సెయ్యని పని నిన్న సేసినాను."

"నాకు తెలుసు అన్నయ్యా," అంది కోటేశ్వరి. "మీ స్వెట్టర్ మీద సున్నం ఉంది."

"ఐతే రూతుదే రైటు," అన్నాడు చలపతి, ఊపిరి తిరిగినట్టు.

"బంతి విషయంలో రైటు," అంది కోటేశ్వరి. "ఈయన కనుబొమ్మ విషయంలో కాదు. ఆ రెండూ కలిపేస్తే ఎట్లా?"

వాళ్లిద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. నాగభూషణం వాదించలేదు. వాళ్లు వెళ్లాక తెల్లకాగితం తీసి, పై సగంలో తన ముక్క రాశాడు. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. 'ఆఖరి పాయింటు దగ్గర బంతి గీత మీద పడింది. నేను స్పష్టంగా చూశాను. పక్షపాతం ఉందంటారేమోనని భయపడి బయట పడినట్టు జెండా ఎత్తాను. ఈ తప్పు నాది.' కింద సంతకం చేశాడు. మిగతా సగం చాలాసేపు చూశాడు. అక్కడ ఏం రాయాలో ఆయనకు తెలుసు. కానీ కలం మూసి పెట్టేశాడు.

మంగళవారం సాయంత్రం రూతు సైకిల్ మీద వచ్చింది. సైకిల్ స్టాండు వేసి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. అయినా గొంతు తగ్గలేదు.

"ఆ బంతి లోపలే పడింది బాబాయ్."

"అవును," అన్నాడు నాగభూషణం.

ఆమె ఆ మాటకు సిద్ధపడి రాలేదు. దెబ్బలాడటానికి వచ్చిన మనిషికి ఎదురే లేకపోయేసరికి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మం పట్టుకుంది.

"మరి ఎందుకు సేసినావు?"

ఆయన చెప్పాడు. దాచకుండా చెప్పాడు. ఆమె వింటూ వింటూ వచ్చి పీట మీద కూర్చుంది.

"ఊరంతా నాను తప్పంటే నువ్వొక్కడివే కాదన్నావు. నువ్వే జెండా లేపేసరికి నాకు ఒళ్లు తెలీలేదు. ఇంకెవరైనా ఐతే తిట్టి ఊరుకుందును," అంది.

"అది నిజవే అయ్యుంటాది. కానీ కంచె దాకా నడిచెళ్లి బంతి తెచ్చుకున్నావు కదా. అంతసేపు ఒళ్లు తెలీకుండా ఎట్టా నడిచినావు?"

రూతు పీట మీద పక్కకు తిరిగి కూర్చుంది. "నీ ఫ్రెండు చలపతి వచ్చినాడు. జారిందని సెప్పమన్నాడు. అమ్మ కూడా అదే అంటన్నాది," అంది.

నాగభూషణం కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పై సగం చదివింది. రెండోసారి చదివింది.

"ఇది ఇస్తే నిన్ను ఇంక గ్రౌండులో ఎవరూ నమ్మరు."

"లైను దగ్గర నమ్మరు. నమ్మకూడదు కూడా. నా తప్పు నాను రాసుకున్నాను. కింద సోటుంది. నీది నువ్వు రాసుకో. జారిందని రాస్తే నాను కాదనను. కమిటీ అడిగితే, ఆ పిల్ల రాసిందే నా మాట అంటాను."

"నన్నే రాయమంటావేటి?"

"ఇన్నేళ్లూ నీ కోపం గురించి నాను మాటాడినాను, టీచరమ్మ మాటాడింది, ఊరంతా మాటాడింది. నువ్వు ఎప్పుడూ మాటాడలేదు. ఈసారి నువ్వు సెప్పు."

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి ఆయన కనుబొమ్మ కట్టు వంక చూసింది. సైకిల్ ఎక్కింది.

బుధవారం సాయంత్రం కమిటీ గది కిటికీల దగ్గర జనం గుమిగూడారు. లోపల రాధాకృష్ణమూర్తి, ఇంకో నలుగురు సభ్యులు, తాల్‌బగీచా కెప్టెన్. నాగభూషణం, కోటేశ్వరి ఒక పక్క కూర్చున్నారు. రూతు అందరికన్నా ఆఖరున వచ్చింది. పార్సెల్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్లకు సిరా ఉంది.

"గార్డుగారూ, మీ కాగితం," అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"నా దగ్గరుంది," అంది రూతు. నిలబడి మొదట నాగభూషణం రాసింది చదివింది. గదిలో కలకలం లేచింది. తాల్‌బగీచా కెప్టెన్ తల దించుకుంది. రాధాకృష్ణమూర్తి నాగభూషణం వంక చూస్తే ఆయన అవునన్నట్టు తల ఊపాడు. కిటికీ దగ్గర చలపతి ముఖం వెలిగింది. ఇంక ఒక్క ముక్క చాలు, రూతు ఫైనల్ ఆడుతుంది.

రూతు కాగితం కింది సగం చదివింది.

'బంతి నా చేతిలోంచి జారలేదు. నేను తెచ్చుకుని విసిరాను. ముఖానికే విసిరాను. ఆయన తప్పు చేశారని నాకు అప్పుడే తెలుసు. తెలిసినా తెలియకపోయినా కొట్టే హక్కు నాకు లేదు. ఇదివరకు రిఫరీ స్టాండు తన్నినప్పుడు నా కోపమే నా ఆట అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆట వేరు. రూతు.'

కాగితం బల్ల మీద పెట్టి, నాగభూషణం వైపు తిరిగింది. "తప్పు సేసినాను బాబాయ్," అంది.

"నానూ సేసినాను," అన్నాడాయన.

కమిటీ అరగంట మాట్లాడుకుంది. రూతు ఫైనల్ ఆడకూడదన్నారు. నాగభూషణాన్ని ఇంకెప్పుడూ లైను దగ్గర నిలబెట్టకూడదన్నారు. ఆయన లేచి, ఆ రెండోది తానే అడుగుదామనుకున్నానని చెప్పాడు.

ఫైనల్ ఆదివారం నాడు మిడ్నాపూర్ జట్టుతో జరిగింది. రూతు మొదటి వరస బల్ల మీద నాగభూషణానికీ కోటేశ్వరికీ మధ్య కూర్చుంది. కలకత్తా సెలెక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని అరగంటకొకసారి చాయ్ తాగుతూ చూశాడు. ఉమ ఆ రోజు తన శక్తికి మించి ఆడింది. బంతి ఎవరికి ఎత్తాలో తానే తేల్చుకుని, కొట్టే మనిషి లేనప్పుడు తానే తోసింది. రూతు చేతులు బల్ల అంచును పట్టుకునే ఉన్నాయి. రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ తనంతట తానే కూర్చుంది. ఐదో సెట్టులో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఓడిపోయింది.

జనం వెళ్లిపోతుంటే చలపతి వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. "నిజాలు రాసినారు కదా ఇద్దరూ. కప్పు మిడ్నాపూర్ పట్టుకుపోయింది. ఇప్పుడు సంతోషవేనా?"

నాగభూషణం ఏదో అనబోయాడు. రూతు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"సంతోషం లేదు చలపతన్నా," అంది. "కడుపు మండిపోతన్నాది. ఐనా మళ్లీ రాయమన్నా అదే రాస్తాను."

అని లేచి గ్రౌండులోకి వెళ్లింది. ఉమ ఒక్కతే నెట్ విప్పుతోంది. రూతు రెండో గుంజ దగ్గర తాడు విప్పడం మొదలెట్టింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో బల్ల దాకా వినపడలేదు. నెట్ మడవడం అయ్యేసరికి ఉమ నవ్వుతోంది.

సెలెక్టరు ఆ ఏడు ఉమ పేరు రాసుకుపోయాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఇది ఎవరూ ఊహించలేదు. ఉమను కలకత్తా బండి ఎక్కించడానికి స్టేషన్‌కు వెళ్లినవాళ్లలో రూతు కూడా ఉంది. బండి కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, అక్కడివాళ్లకు బంతి ఎంత ఎత్తున ఇవ్వాలో చేతులతో చూపించింది. చలపతి నెల్లాళ్లు నాగభూషణంతో మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, మూరీ పొట్లంలో చెయ్యి పెట్టాడు.

రూతు మర్నాటి నుంచి సాధువైపోయిందని ఎవరైనా చెబితే అది అబద్ధం. 1990 జనవరిలో కప్పు మొదటి ఆటలోనే రిఫరీ ఇచ్చిన తీర్పుకు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, రెండు ముక్కలు గట్టిగా అడిగింది. ఆయన పసుపు కార్డు చూపించాడు. ఆమె కార్డు వంక చూసి, తల ఊపి, తన చోటికి వెళ్లి నిలబడింది. తర్వాతి బంతిని అవతలి కోర్టు మధ్యలో పాతేసింది.

"సూసినారా," అన్నాడు చలపతి. "కోపం లేకపోతే ఆ దెబ్బ వస్తాదా?"

"పసుపు కార్డు కూడా తప్పే," అంది కోటేశ్వరి. "మాట అడగటానికి కెప్టెనుంది కదా. ఈవిడే ఎందుకు అడగాల?"

"కెప్టెను ఈవిడే కదా టీచరుగారూ."

ఆ ఏడు రూతునే కెప్టెన్ చేశారన్న సంగతి వాదనలో పడి కోటేశ్వరి మరిచిపోయింది. "ఐతే ఇంకా మెల్లిగా అడగాల," అంది.

ఇద్దరూ నాగభూషణం వైపు తిరిగారు, ఆయన ఎటు మాట్లాడతాడోనని.

"రిఫరీదే తప్పు," అన్నాడాయన తిరుగులేని గొంతుతో. "అడిగింది, కార్డు తీసుకుంది, ఆడతన్నాది. ఇంకేటి కావాల మీకు? పక్కకి జరగండి, నాకు సర్వీసు కనిపించట్లేదు."